హంసలదీవి అవతల.. మునిగి తేలే రోబోలు

రోబో అనగానే మీకు ఎవరు గుర్తొస్తారు? చాలామందికి సినిమాలో చిట్టి. రెండు చేతులు, రెండు కాళ్లు, నల్ల కళ్లద్దాలు! కానీ నిజంగా పనిలో ఉన్న రోబోల్లో చాలావాటికి ముఖమే ఉండదు. అలాంటివి మన సముద్రంలోనే ఉన్నాయి. కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవి ఒడ్డున నిలబడితే అవి కనిపించవు. తీరం దాటి బంగాళాఖాతం బాగా లోతైన చోటికి వెళ్తే, నీటి అడుగున రాత్రీ పగలూ డ్యూటీలో ఉంటాయి. వాటి పేరు ఆర్గో ఫ్లోట్లు. చూడటానికి నిలువుగా ఉండే గొట్టం, పైన ఒక యాంటెన్నా. అంతే.

మరి దాన్ని రోబో అని ఎందుకంటాం?

ఈ మాట చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకం నుంచి వచ్చింది. చెక్ భాషలో 'రోబోటా' అంటే వెట్టిచాకిరీ. మనిషి ఆకారం ఉందా లేదా అన్నది ముఖ్యం కాదు. మూడు పనులు చేయగలిగితే అది రోబో: చుట్టూ ఏముందో గమనించాలి, ఏం చేయాలో తేల్చుకోవాలి, ఆ ప్రకారం కదలాలి. ఇంట్లో ఫ్యాన్ కదులుతుంది, కానీ గదిలో మనుషులున్నారో లేదో దానికి తెలీదు. కాబట్టి అది ఒట్టి యంత్రమే.

ఇప్పుడు ఫ్లోట్ సంగతి చూద్దాం. దానికి సెన్సర్లే కళ్లూ చెవులూ. నీటి వేడి, ఉప్పదనం, పీడనం కొలుస్తాయి. పీడనాన్ని బట్టే తాను ఎంత లోతులో ఉన్నదీ దానికి తెలుస్తుంది. లోపలి చిన్న కంప్యూటర్ ఆ లెక్క చూసి, ఇంకా దిగాలా, ఆగాలా, పైకి రావాలా అని తేలుస్తుంది. చేప పొట్టలో గాలితిత్తి ఉంటుంది కదా, దీనికీ అలాంటిదే ఒక నూనె సంచి ఉంటుంది. పంపు నూనెను బయటి సంచిలోకి నెడితే ఫ్లోట్ బరువు మారదు, పరిమాణం పెరుగుతుంది. దాంతో పైకి తేలుతుంది. నూనెను వెనక్కి లాగితే మునుగుతుంది. రెక్కల్లేవు, ప్రొపెల్లర్ లేదు!

సాధారణంగా వెయ్యి మీటర్ల లోతులో ప్రవాహంతో పాటు తేలుతూ ఉంటుంది. సుమారు 10 రోజులకోసారి 2,000 మీటర్ల దాకా దిగి, కొలతలు తీసుకుంటూ పైకొస్తుంది. ఉపగ్రహానికి సమాచారం పంపేసి మళ్లీ మునుగుతుంది. ప్రపంచ సముద్రాల్లో ఇలాంటివి దాదాపు 4,000 ఉన్నాయి. మన దేశం తరఫున ఈ పని చూసేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్.

దీంతో మనకేంటి?

1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి దివిసీమలో ఏ తాతయ్యను అడిగినా చెబుతారు. వేల ప్రాణాలు పోయాయి. తుపానుకు బలమిచ్చేది సముద్రంలోని వేడి. ఉపగ్రహం పైపొర వేడినే చూడగలదు. ఆ వేడి ఎంత లోతు దాకా ఉందో నీళ్లలోకి దిగి కొలవాలి. పైన మాత్రమే వేడి ఉంటే, గాలులు అడుగునున్న చల్లటి నీటిని పైకి తెచ్చి తుపాను బలం తగ్గిస్తాయి. వేడి లోతుగా ఉంటే ఆ అడ్డు ఉండదు. పైగా బంగాళాఖాతంలోకి నదుల మంచినీళ్లు వచ్చి తేలికైన పొరలా పైన నిలుస్తాయి, నీరు కలవడాన్ని అడ్డుకుంటాయి. అందుకే ఉప్పదనం కొలత కూడా అవసరం.

మీరు ఎక్కడ మొదలుపెట్టాలి?

మన ప్రాంతంలో చేపలు, రొయ్యల చెరువులకు కొదవలేదు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, అప్పుడు ఏరియేటర్లు తిరగాలి. దీన్నే ప్రాజెక్టుగా తీసుకోండి. ఆక్సిజన్ సెన్సర్ ఖరీదు ఎక్కువ కాబట్టి ముందు ఒక ఆర్డుయినో బోర్డు, నీళ్లలో తడిసినా పాడవని టెంపరేచర్ సెన్సర్, ఒక ఎల్‌ఈడీ చాలు. బకెట్ నీళ్లు మీరు పెట్టిన హద్దు దాటి వేడెక్కితే లైటు వెలిగేలా ప్రోగ్రాం రాయండి. తర్వాత లైటు స్థానంలో బ్యాటరీతో నడిచే బొమ్మ మోటారు పెట్టండి. గమనించడం, తేల్చుకోవడం, కదలడం.. మూడూ వచ్చేసినట్టే. అసలు ఏరియేటర్ కరెంటు జోలికి మాత్రం సొంతంగా వెళ్లకండి.

'నాది సీఎస్‌ఈ కాదు కదా' అని వెనకాడొద్దు. ఫ్లోట్‌లో పంపు మెకానికల్, సెన్సర్ ఎలక్ట్రానిక్స్, ప్రోగ్రాం కంప్యూటర్స్. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గిండీ కాలేజీలో చదివింది సివిల్ ఇంజినీరింగ్. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1979లో మొదలైన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టర్ ఆయనే. 1994లో ట్యూరింగ్ అవార్డూ అందుకున్నారు.

ఆర్గో సమాచారం ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మ్యాపులో బంగాళాఖాతం తెరిచి, హంసలదీవికి దగ్గర్లో ఉన్న ఫ్లోట్‌ను వెతకండి. లోతు పెరిగేకొద్దీ వేడి ఎలా తగ్గుతోందో నోట్‌బుక్‌లో గ్రాఫ్ గీయండి. రోబోతో మీ తొలి పరిచయం అలా మొదలవుతుంది.