తిరునాళ్ళలో రంగులరాట్నము: ప్రమాదమునకు బాధ్యులెవరు?

శివరాత్రి మొదలుకొని వేసవి ముగియువరకు మన గ్రామములలో తిరునాళ్ళకు, తీర్థములకు, జాతరలకు, ఉరుసులకు తరుణము. ప్రభలు, నాటకములు, ఎడ్ల పందెములు ఎన్ని యున్నను పిల్లల చూపు ముందుగా నిలుచునది రంగులరాట్నము మీదనే. పూర్వము నాలుగు చెక్కతొట్లు గల రాట్నమును ఇద్దరు మనుష్యులు చేతులతో త్రిప్పెడివారు. నేడు ఇనుప ముక్కలుగా లారీలమీద వచ్చి, ఒకటి రెండు దినములలో బిగింపబడి, తాటిచెట్టు ఎత్తున మోటారుతో తిరుగు జెయింటు వీలు చిన్న గ్రామములకును వచ్చుచున్నది. దానివెంట పడవ ఊయల, పిల్లల రైలు మొదలగునవియు వచ్చుచున్నవి. సంవత్సరమంతయు కష్టించిన కుటుంబము ఒకనాటి సాయంకాలము ఇట్టి వినోదమును కోరుట తప్పు కాదు. దానిని వలదనుటకు మేము ఈ వ్యాసమును వ్రాయుట లేదు.

ఎచ్చటనైనను ప్రమాదము జరిగినప్పుడు మొట్టమొదట వినవచ్చు మాట, "కుర్రవాళ్ళు అల్లరి చేసినారు, పడినారు" అనునది. యజమాని రాట్నము నడుపువానిని చూపును. నడుపువాడు ఎక్కినవారిని చూపును. పంచాయతీవారు పాటదారుని చూపుదురు. ఎవరికి వారే యమునాతీరే. ఈ మాటలలో నిజమెంతయో, చట్టదృష్టిలో ఎవరి బాధ్యత ఎంతవరకో పంచాయతీ సభ్యులు తిరునాళ్ళకు ముందే యెరిగియుండుట అవసరము.

2018 మే 27వ తేదీ ఆదివారము సాయంకాలము అనంతపురము పట్టణములోని ఒక ఎగ్జిబిషనులో జెయింటు వీలు తిరుగుచుండగా ఒక తొట్టి ఊడి క్రింద పడెను. పదేండ్ల బాలిక మరణించినది. మరికొందరు గాయపడిరి. తొట్టిని పట్టియుంచు బోల్టు వదులైనదని చూచినవారు ముందుగానే చెప్పిరనియు, నడుపువాడు లెక్కచేయలేదనియు నాటి పత్రికలలో వచ్చినది.

ఆ చివరి మాటను మనము కొంచెము నిలిచి ఆలోచింపవలెను. ఆ బాలిక అల్లరి చేయలేదు. టిక్కెట్టు కొని తొట్టిలో కూర్చున్నది. లోపము కంటికి కనబడినది. కనబడినదానిని నోట చెప్పినవారును ఉండిరి. అయినను చక్రము ఆగలేదు. చూచినవారికి ఆపు అధికారము లేదు; ఆపగలవానికి ఆపుటయందు ఆసక్తి లేదు.

జెయింటు వీలు మన బండిచక్రమువంటిదే. నడుమ ఇరుసు, ఇరుసు చుట్టు ఆకులు, ఆకుల చివర తొట్లు. ప్రతి తొట్టియు ఇరుప్రక్కల రెండు బోల్టులమీద వ్రేలాడుచుండును. బండికి కడచీల యెట్టిదో తొట్టికి ఆ బోల్టు అట్టిది. చక్రము తిరిగినకొలది బరువు ఒకవైపునుండి వేరొకవైపునకు మారును. ఆ అదురునకు నట్టు ఇసుమంత ఇసుమంతగా వదులగును. ఉదయము గట్టిగానున్న నట్టు రాత్రికి అట్లే ఉండునని చెప్పుటకు వీలులేదు. గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుకొనుట యనగా ఇదియే. స్పానరుతో ఒక్కసారి బిగించిన సరిపోవుదానికి ప్రాణము బలియగును.

ఇది మన దేశపు పాత యంత్రములకు మాత్రమే కలుగు దోషమనుకొనరాదు. ఇంగ్లండులోని ఆల్టన్ టవర్సు అను పెద్ద వినోదశాలలో 2015 జూను 2వ తేదీన, కమ్మీలమీద పల్టీలు కొట్టుచు పోవు బండి, అదే దారిలో నిలిచిపోయియున్న ఖాళీబండిని ఢీకొనెను. పదునారుగురు గాయపడిరి. వారిలో ఇద్దరు యువతులకు కాలు తీసివేయవలసి వచ్చినది. ముందు బండి దారిలోనున్నదని కంప్యూటరు గుర్తించి రెండవ బండిని తానుగా ఆపివేసినది. పనివారు దారిలో బండి యేదియు లేదని భ్రమపడి, కంప్యూటరే పొరబడినదనుకొని, దాని ఆజ్ఞను త్రోసిపుచ్చి బండిని వదలిరి. మరుసటి సంవత్సరము న్యాయస్థానము యజమాని కంపెనీకి 50 లక్షల పౌన్ల జరిమానా విధించెను. లోపము పనివారిదే యని కంపెనీ తప్పించుకొనజాలదయ్యెను. పనివాడు పొరబడినను ప్రమాదము జరుగని పద్ధతిని ఏర్పరచుట యజమాని విధి. ఆస్ట్రేలియాలోని డ్రీమ్‌వరల్డు అను ఉద్యానములో 2016 అక్టోబరు 25వ తేదీన నీటిమీది తెప్పలు ఢీకొని నలుగురు మరణించిరి. నీటిని తోడు పంపు ఆనాడే అంతకుముందు రెండుసార్లు ఆగిపోయియుండెను. ప్రతిసారియు దానిని మరల నడిపించి ఆటను సాగించిరి. అనంతపురమున మనిషి చెప్పెను. ఆల్టనులో కంప్యూటరు చెప్పెను. ఇచ్చట పంపు తానే చెప్పినది.

ఇక ఎక్కినవారి ప్రవర్తన మాట. తొట్టిలో లేచి నిలుచుట, కావలెనని ఊపుట, సెల్‌ఫోనులో బొమ్మ తీసికొనుటకు బయటికి వంగుట, త్రాగి ఎక్కుట మొదలగునవి మనము చూడని తిరునాళ్ళు లేదు. ఇట్టివారు తమ ప్రాణమునే కాక ప్రక్కవాని ప్రాణమును గూడ అపాయమునకు గురిచేయుచున్నారు. వీరిని మేము సమర్థింపము. తన దుడుకుతనమువలన దెబ్బతిన్నవానికి నష్టపరిహారము తగ్గవచ్చును. ఒక్కొక్కప్పుడు పూర్తిగా పోవచ్చును. 1929లో న్యూయార్కు రాష్ట్రములో ఇట్టి వివాదమొకటి వచ్చెను. కోనీ ఐలండు అను వినోదస్థలములో, కదలుచున్న పట్టామీద నిలుచుండి పడిపోవుటయే ఆట. ఒక యువకుడు పడి మోకాటిచిప్ప విరుగగొట్టుకొని పరిహారము కోరెను. ఇతరులు పడుచుండగా కన్నులార చూచియే ఎక్కినాడు గావున ఆ యపాయమును అతడే స్వీకరించినట్లని న్యాయస్థానము త్రోసివేసినది. అయితే కంటికి కనబడని ప్రమాదమైనచో తీర్పు వేరుగా నుండునని గూడ ఆ తీర్పులోనే కలదు.

ఆ భేదమే ముఖ్యము. రాట్నము ఎత్తునకు పోవును, కడుపులో త్రిప్పును. అది ఎక్కినవాడు ఎరిగి యెక్కిన విషయము. తుప్పుపట్టిన బోల్టు, నానిన నేలమీద ఒరగిన కాలు, తెగిన తీగ అతడు ఎరిగి ఒప్పుకొన్న విషయములు కావు. పిల్లల సంగతి మరియు వేరు. పదేండ్లవానియందు పెద్దవాని వివేకమును ఎదురుచూచుట న్యాయము గాదు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశములోని కన్నౌజు జిల్లాలో ఒక మేళాలో పదుమూడేండ్ల బాలిక జుట్టు తిరుగుచున్న చక్రములో చిక్కుకొని నెత్తి చర్మమంతయు ఊడిపోయినది. ఆడపిల్ల జడను దుడుకుతనమనగలమా? పొడవైన జుట్టు, పైట, చున్నీ యుండునని యజమానికి ముందే తెలిసిన సంగతియే. ఎక్కించువాడు జడ ముడివేయించి, తిరుగు భాగమునకు కంచె కట్టియుండవలెను. కుర్రవాండ్రు అల్లరి చేయుదురనుటయు అట్లే ముందు తెలిసినదే. లేచి నిలుచుటకు వీలులేని అడ్డకమ్మి బిగించుట, లేచినవాడు కనబడగానే చక్రమును ఆపుట యజమాని పనియే.

కొందరు టిక్కెట్టు వెనుక "ప్రమాదములకు యాజమాన్యము బాధ్యత వహించదు" అని అచ్చువేయుదురు. అట్లు అచ్చువేసినంత మాత్రమున నిర్లక్ష్యమునకు శిక్ష తప్పదు. టిక్కెట్టు కొన్నవాడు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద వినియోగదారుడే. నిర్లక్ష్యమువలన మరణము కలిగించినవారికి 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను క్రింద అయిదేండ్ల వరకు జైలుశిక్ష విధింపవచ్చును. పూర్వపు శిక్షాస్మృతిలో ఇది రెండేండ్లే.

రాట్నము పంచాయతీది కాదు గదా, మనకేమి యని సభ్యులు అడుగవచ్చును. ఢిల్లీలోని చాందినీ చౌకు బజారులో ఒక గడియార స్తంభము 1951లో కూలి, దారిని పోవువారు మరణించిరి. అది పట్టణ పురపాలక సంఘమువారిది. సుమారు ఎనుబది యేండ్ల నాటిది. అందు వాడిన సున్నపు అడుసునుబట్టి చూచిన దాని ఆయువు నలుబది, నలుబదియైదు ఏండ్లకు మించదు. పైకి లోపము కనబడలేదని సంఘమువారు వాదించిరి. 1966లో సుప్రీంకోర్టు ఆ వాదమును అంగీకరింపలేదు. జనులు సంచరించు చోటనున్న కట్టడమును అప్పుడప్పుడు పరీక్షింపించుట స్థానిక సంస్థ విధియనియు, కనబడని లోపమునకు సయితము బాధ్యత తప్పదనియు తీర్పు చెప్పెను. రాట్నము మనది కాదు, నిజమే. కాని నేల మనది. తిరునాళ్ళకు రమ్మని దండోరా వేయించినది మనము. పాట పాడించి సొమ్ము తీసికొన్నదియు మనమే. 2024 మేలో రాజకోటలోని ఒక ఆటలశాల తగులబడి 27 మంది మరణించినప్పుడు నడుపువారినే కాక, అనుమతులు లేకుండ నడచుచుండగా చూచి యూరకున్న పురపాలక అధికారులను గూడ అరెస్టు చేసిరి.

పాట మాట వచ్చినది గావున ఒక సంగతి నిర్మొగమాటముగా చెప్పెదము. నేలను హెచ్చుపాటదారునికి ఇచ్చుట పంచాయతీ ఆదాయమునకు మంచిదే. కాని మూడు నాలుగు దినముల తిరునాళ్ళకు పాట ఎంత పెరిగిన యజమానికి అంత తొందర కలుగును. పాటసొమ్ము రాబట్టుకొనుటకు తొట్టికి ఇద్దరికి బదులు నలుగురిని ఎక్కించును, తెల్లవారువరకు త్రిప్పును, నట్టు బిగించుటకు పది నిమిషములు ఆపిన ఒక ఆట పోయినదని బాధపడును. ఆ తొందరలో కొంత మన పాటలోనే పుట్టుచున్నది.

కావున పాట షరతులలోనే కొన్ని మాటలు చేరవలెను. అర్హుడైన యంత్ర ఇంజనీరు చక్రమును బిగించిన పిమ్మట చూచి సంతకము చేసిన పత్రము లేనిదే ఆట ఆరంభింపరాదు. గత సంవత్సరపు పత్రము, వేరొక యూరి పత్రము చెల్లవు. విప్పి మరల బిగించిన యంత్రము క్రొత్త యంత్రముతో సమానము. విద్యుత్తు తీగలను, ఎర్తును సంబంధిత శాఖవారు పరీక్షింపవలెను. మనుష్యులను ఎక్కించుటకు ముందు ఇసుక బస్తాలతో త్రిప్పి చూపవలెను. వాన కురిసినచో కాళ్ళక్రింది దిమ్మెలు క్రుంగినవేమో చూచువరకు, గాలి లేచినచో అది తగ్గువరకు చక్రము కదలరాదు.

యంత్రవిద్య తెలియని వార్డు సభ్యుడు సయితము చూడదగిన ఉపాయమొకటి కలదు. బిగించిన వెంటనే ప్రతి నట్టుమీదుగా బోల్టువరకు రంగుతో ఒక గీత గీయించవలెను. నట్టు కొంచెము తిరిగినను గీత విరిగి కనబడును. ఉదయము, సాయంకాలము, అర్ధరాత్రి టార్చిలైటుతో ఆ గీతలు చూచిన చాలును. ఖర్చు ఒక చిన్న డబ్బా రంగు.

అన్నిటికంటె ముఖ్యము, చక్రమును ఆపుమని చెప్పు అధికారము గల మనిషి. పంచాయతీ తీర్మానము ద్వారా ఒకనిని పేరుతో నియమించి, ఆట జరుగునంతసేపు చక్రము దగ్గర కూర్చుండబెట్టవలెను. రాత్రి పొద్దుపోయినకొలది మనిషి మారవలెను. ఒక్కడే మూడు రాత్రులు మేలుకొనలేడు. అతని పేరు, ఫోను నెంబరు టిక్కెట్టు కిటికీమీద వ్రాయవలెను. లోపము చూచిన యే గ్రామస్థుడైనను అతనితో చెప్పును. అతడు ఆపుమన్న వెంటనే నడుపువాడు ఆపవలెను. మరల త్రిప్పుటకు అతని అనుమతి కావలెను. యజమాని బంధువును గాని, పాటలో వాటా గలవానిని గాని ఈ పనికి పెట్టరాదు.

ఆపిన గంటలకు పాటసొమ్ములో తగినంత తగ్గింతుమని గూడ షరతులలో వ్రాయుట మంచిది. అట్లు వ్రాసినచో యజమాని ఆపుటకు వెనుదీయడు. పంచాయతీ నిధికి కలుగు నష్టము కొలదియే. తిరునాళ్ళ పాట చాల గ్రామములలో నెల ముందే జరుగును గావున, రానున్న సమావేశపు కార్యక్రమ పట్టికలో ఈ యంశమును చేర్చుటకు పంచాయతీ కార్యదర్శికి ఇప్పుడే తెలుపవలెను.