విద్యుత్కార్మికుల మనఃక్లేశము

విజయనగరమున ఏటేట విజయదశమి తరువాతి మంగళవారమునాడు పైడితల్లి యమ్మవారి సిరిమానోత్సవము జరుగును. సిరిమాను కొనయందు కూర్చుండిన పూజారికి జనసమూహము చేతులెత్తి మ్రొక్కును. అదే పట్టణములో తక్కిన దినములందు కరెంటు స్తంభము నెక్కి పనిచేయు లైన్‌మనును తలయెత్తి చూచువారు అరుదు. దీపము వెలుగుచున్నంతసేపు ఆతడు మనకు జ్ఞప్తికి రాడు. దీపమారినతోడనే మన కోపమునకు ఆతడే గురియగును.

ఆ కోపమెంతటి భారమో ఉత్తరాంధ్రమునకు తెలియనిది కాదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముకడ తీరము దాటి విజయనగరము జిల్లాను గూడ అతలాకుతలము చేసెను. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలమట్టము గావించెను. రెండు పర్యాయములును వేలకొలది స్తంభములు కూలినవి. ఊళ్లు దినముల తరబడి చీకటిలో నుండెను. నీళ్ల మోటార్లు నిలిచిపోయెను. గొంతు తడియని జనులు ఆగ్రహించుట సహజమే. కాని ఆ ఆగ్రహమునకు ఎదురు నిలువవలసినవాడు బురదలో స్తంభము మోయు కార్మికుడు. ఆతని యిల్లును ఆ గాలివానలోనే తడిసినదని తలచినవారెందరు?

ఈ వృత్తిలోని భయము పిరికితనము కాదు. 11 వేల వోల్టుల తీగను ముట్టుటకు ముందు సబ్‌స్టేషను నుండి ‘లైన్ క్లియర్’ పుచ్చుకొనవలెను. సరఫరా నిలిపితినని అచటి ఆపరేటరు చెప్పిన మాటను నమ్మి ఇతడు స్తంభమెక్కును. ఆ మాట నిజమైనను ప్రమాదము పూర్తిగా తొలగదు. ఏ దుకాణమువారో తమ జెనరేటరును లైనునుండి వేరుచేయక నడిపినచో, ఆ విద్యుత్తు ట్రాన్స్‌ఫార్మరు గుండ వెనుకకు మరలి, హెచ్చు వోల్టేజియై, ఆగినదనుకొన్న తీగలో మరల ప్రవహించును. కావుననే తీగను పరీక్షించి, ఎర్త్ కడ్డీలు తగిలించిన పిమ్మటనే చేయి వేయవలెనని నియమము. రెండు రాత్రులు నిద్రలేనివాడు, ఫోనులో తిట్లు తిని వచ్చినవాడు, ఇందులో నొక మెట్టు మరచుట వింత కాదు. కనుక మనస్స్థిమితము ఈ కార్మికునకు విలాసవస్తువు కాదు. చేతి తొడుగులవలె, సేఫ్టీ బెల్టువలె, అదియు రక్షణ సాధనమే.

అయినను ప్రమాదము జరిగినప్పుడు మన విచారణలు బెల్టు కట్టెనా, తొడుగులు వేసెనా అనుటతో ముగియుచున్నవి. తోటివాని దేహమును స్తంభము మీదినుండి దింపినవాడు మరునాడెట్లు పనిలోనికి వచ్చెనని అడుగువారు లేరు. నిద్ర పట్టకుండుట, ఆ దృశ్యమే మరల మరల కన్నుల గట్టుట, చిన్న చప్పుడునకు ఉలికిపడుట, మద్యము నాశ్రయించుట – ఇవి వైద్యులెరిగిన లక్షణములు, చికిత్సకు లొంగునవి. సబ్‌స్టేషనులో కూర్చున్న ఆపరేటరునకును ‘నా మాట నమ్మియే ఎక్కెను’ అను వేదన తప్పదు. ఒప్పందపు కార్మికుని స్థితి మరియు దుర్భరము. నేడు ఎక్కలేనన్నచో రేపు పని యుండునో లేదో యని ఆతని సందేహము.

చికిత్సకు మార్గములు లేకపోలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టము మనోవ్యాధిని శరీరవ్యాధితో సమానముగా చూడవలెనని శాసించినది. 2022 నుండి టెలీ మానస్ వారి 14416 సంఖ్యకు ఫోను చేసి ఉచితముగా సలహా పొందవచ్చును. విశాఖపట్టణమున ప్రభుత్వ మానసిక వైద్యశాల యున్నది. విజయనగరమున 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వెలసినది. కాని ‘పిచ్చివాడ’న్న పేరు వచ్చునని వెరచువాడు తనంత తాను ఆ గుమ్మము తొక్కడు. తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థవారే ఆతనిని చేయిపట్టి నడిపింపవలెను. ప్రమాదమును కన్నులార చూచినవానికి జీతముతో సెలవును, వైద్యుని సంప్రతింపును నియమముగా నేర్పరుపవలెను. అది సర్వీసు రిజిస్టరులో మచ్చగా నెక్కరాదు. తుపాను పనులలో వంతులవారీ విశ్రాంతి యుండవలెను. ప్రమాదమని తోచినప్పుడు ఎక్కనను హక్కు ఒప్పందపు కార్మికునకును ఉండవలెను.

ఇక మన వంతు. జెనరేటరు నడుపువారు దానిని లైనునుండి వేరుచేసియే నడుపవలెను. కరెంటు పోయినప్పుడు ఫోను చేయుడు. కాని స్తంభము మీదనున్న వానిని మాటిమాటికి పిలిచి తొందరపెట్టకుడు. మనకు అర్ధగంట ఆలస్యమైనను కావచ్చును. ఆతడు క్షేమముగా క్రిందికి దిగవలెను.