మాలీషు పని నేర్చుకోవాలంటే

పసిబిడ్డకు నూనె రాసి, నలుగు పెట్టి నీళ్లు పోయడం మన ఊళ్లలో చాలామందికి వచ్చు. పట్నాల్లో ఆయుర్వేద ఆసుపత్రుల్లో మాలీషు చేసేవాళ్లకు జీతం ఇస్తారు. అందుకు శిక్షణ కావాలి.

ఒక ఇంట్లో కోడలు ఈ పని నేర్చుకుందామనుకుంది. ఒకతను వచ్చాడు. "20,000 కట్టండి. 3 రోజుల్లో సర్టిఫికెట్" అన్నాడు. కోడలు కమ్మలు తాకట్టు పెడదామంది.

"తొందరపడకమ్మా. ముందు ఆ కాగితం చదువు" అంది అత్త.

కోడలు కూడబలుక్కుని చదివింది. "అత్తయ్యా, ఇందులో గుర్తింపు మాటే లేదు" అంది. కమ్మలు చెవులకే ఉండిపోయాయి.

డబ్బు కట్టే ముందు ఇవి అడగాలి:

1. సర్టిఫికెట్ ఎవరిస్తారు? వృత్తి శిక్షణ సంస్థల గుర్తింపు కోసం కేంద్ర ప్రభుత్వం 2018లో ఒక జాతీయ మండలిని పెట్టింది. ఆ గుర్తింపు ఉందా?

2. ఎన్ని రోజులు? చేత్తో పని చేయిస్తారా?

3. ఎప్పుడు చేయకూడదో చెబుతారా? జ్వరం, గాయం, విరిగిన ఎముక ఉంటే మాలీషు చేయకూడదు. పిక్క వాచి నొప్పి పెడితే డాక్టరుకు చూపాలి.

4. ఎంత చదువు కావాలి? 10వ తరగతి అడిగితే దిగులు వద్దు. ఓపెన్ స్కూలు ద్వారా పెద్దవాళ్లూ ఆ పరీక్ష రాయవచ్చు.

5. ఫీజుకు రసీదు ఇస్తారా?

ఫిజియోథెరపీ వేరు. దానికి ఇంటర్ పాసై, 4 ఏళ్లకు పైగా డిగ్రీ చదవాలి.

మీకు చదవడం వచ్చింది కదా! సంతకం పెట్టే ముందు ప్రతి కాగితం చదవండి.