సామూహిక ఈమెయిళ్లు: అపోహలు, వాస్తవములు

వర్తకులును, ప్రచురణకర్తలును, విద్యాసంస్థలవారును ఒక్కమారుగా వేలమందికి ఈమెయిలు పంపదలచినపుడు, మంచి సాఫ్ట్‌వేరొకటి సంపాదించి, చిరునామాల పట్టికను అందులో చేర్చి, మీట నొక్కినచో కార్యము ముగిసినట్లే యని భావించుట పరిపాటి యైనది. మెయిల్‌చింప్ వంటి సేవ యైనను, జెరోధా సంస్థ సాంకేతికాధిపతి కైలాస్ నాధ్ నిర్మించి ఎల్లరకు ఉచితముగా నొసగిన లిస్ట్‌మాంక్ యైనను చేయునది పట్టికను భద్రపరచుట, జాబులను వరుసగా పంపుట, ఫలితములను లెక్కించుట మాత్రమే. జాబును ఇన్‌బాక్సులో నుంచవలెనా, స్పాము పెట్టెలో వేయవలెనా యను నిర్ణయము గ్రహీత పక్షమున నున్న సర్వరుది. ఈ భేదము నెరుగకపోవుటయే తక్కిన అపోహలలో పెక్కింటికి మూలము.

నివేదికలో 'డెలివర్డ్' అని యుండిన చదువరికి చేరినట్లే యనునది వానిలో మొదటిది. పంపు సర్వరు జాబు నందించినపుడు అవతలి సర్వరు 250 అను సంఖ్యతో బదులిచ్చిన, స్వీకరించితినని మాత్రమే యర్థము. స్వీకరించిన పిమ్మట దానిని స్పాములోనికి త్రోయుటకు ఏ యడ్డంకియు లేదు. 4తో మొదలగు సంఖ్య వచ్చిన, కొంత తాళి మరల యత్నింపవలెను. 550 వచ్చిన, సాధారణముగా అట్టి పెట్టెయే లేదని యర్థము గనుక, ఆ చిరునామాను తత్‌క్షణమే తొలగింపవలెను. అమెజాన్ ఎస్ఈఎస్ సేవలో ఇట్లు తిరిగివచ్చు జాబులు 5 శాతమునకు చేరిన ఖాతా పరిశీలనలోనికి వచ్చును. 10 శాతమునకు చేరిన, పంపుటయే నిలిచిపోవచ్చును.

లక్ష చిరునామాలను చవుకగా కొనవచ్చునను ఆశ అన్నిటికంటె హానికరమైనది. అట్టి పట్టికలలో మూతపడిన పెట్టెలు మాత్రమే గాక, స్పాము పంపువారిని పట్టుటకై ఉద్దేశపూర్వకముగా నుంచిన ఉచ్చు చిరునామాలును ఉండును. ఇవి ఎవ్వరును ఏ పత్రముపైనను నింపియుండనివి గనుక, వానికి జాబు వచ్చుటయే అనుమతి లేదనుటకు సాక్ష్యము. తన్నెరుగనివాని పెట్టెలో అనుమతి లేక చొరబడుట అమర్యాద యని నా నిశ్చితాభిప్రాయము. వ్యాపారలాభ మను మాట దాని తరువాతది.

ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ అను మూడింటిని అమర్చినచో స్పాము భయము తీరునని సాంకేతికులలో సైతము కొందరందురు. మొదటిది డొమైన్ పేర పంపుటకు ఏ సర్వర్లకు అధికారము కలదో చెప్పును. రెండవది జాబునకు సంతకమగును. మూడవది ఆ రెండును విఫలమైనచో ఏమి చేయవలెనో తెలుపును. పంపినవా డెవడో ఇవి రుజువు చేయునే గాని, వాడు మంచివాడని హామీ యీయవు. 2024 ఫిబ్రవరి నుండి, దినమునకు 5,000 జాబులను మించి జీమెయిలు ఖాతాలకు పంపువారు ఈ మూడింటిని అమర్చుటయే గాక, స్పామను ఫిర్యాదులు 0.3 శాతమునకు లోబడి యుండునట్లు చూచుకొనవలెనని గూగుల్ విధించినది. వెయ్యిమందిలో ముగ్గురు చాలు!

అన్‌సబ్‌స్క్రైబ్ లంకె కంటబడిన చదువరులు జారిపోవుదురని దానిని అడుగున అతిసూక్ష్మాక్షరములలో దాచువారు కలరు. దారి కానరాని చదువరి 'స్పాము' మీట నొక్కును. ఆ యొక్క నొక్కు, మర్యాదగా సెలవు తీసికొన్న పదిమంది కంటె ఎక్కువ చేటు చేయును. పై నిబంధనలలోనే ప్రచారపు జాబులకు ఒక్క నొక్కుతో తొలగు సౌకర్యమును, కోరినవారి పేరును రెండు దినములలో తీసివేయుటయు చేరియున్నవి.

జాబు తెరచినవారి లెక్కయు, జాబులోని చిత్రము దిగుటను బట్టి కట్టునది గనుక, నమ్మదగినది కాదు. 2021 నుండి ఆపిల్ మెయిలులో గోప్యతారక్షణ నెంచుకొన్నవారి జాబులందలి చిత్రములు ముందుగనే దిగుమతి యగుచున్నవి. చదువకయే చదివినట్లు నమోదగును.

కావున క్రొత్తగా ఆరంభించువారు తామై కోరినవారికే, అందును మొదట కొలదిమందికే పంపి, తిరిగివచ్చినవానిని నాడే తొలగించి, ఫిర్యాదులను గమనించుచు, సంఖ్యను వారము వారము మెల్లగా పెంచుకొందురు గాక.