మైటోకాండ్రియాలో ప్రోటీన్ల తయారీకి కీలకం ‘ఈఎఫ్-టీయూ’
బ్యాక్టీరియా నుంచి మానవుని వరకు పెద్దగా మారకుండా నిలిచిన ప్రోటీన్

శరీర కణాలకు శక్తిని సమకూర్చే మైటోకాండ్రియాలు తమకు అవసరమైన కొన్ని ప్రోటీన్లను స్వయంగా తయారు చేసుకుంటాయి. ఈ ప్రక్రియలో ‘ఈఎఫ్-టీయూ’ అనే ప్రోటీన్ కీలక పాత్ర పోషిస్తుంది. ఇందులో ఒక్క అమైనో ఆమ్లం మారినా శిశువు ప్రాణానికే ముప్పు ఏర్పడవచ్చు.

మైటోకాండ్రియాలకు సొంత డీఎన్ఏ ఉంది. మానవ మైటోకాండ్రియా డీఎన్ఏ పూర్తి క్రమాన్ని 1981లో బ్రిటన్‌లోని కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఇందులోని 37 జన్యువులలో 13 మాత్రమే ప్రోటీన్ల తయారీకి సంకేతాలను అందిస్తాయి. ఆ 13 ప్రోటీన్లూ ఏటీపీ రూపంలో శక్తిని ఉత్పత్తి చేసే వ్యవస్థలో భాగాలే.

పనిచేసే విధానం

రైబోజోమ్ జన్యు సందేశాన్ని చదువుతూ అమైనో ఆమ్లాలను వరుసగా కూర్చుతుంది. అమైనో ఆమ్లాన్ని మోసే టీ-ఆర్ఎన్ఏను రైబోజోమ్ వద్దకు చేర్చే బాధ్యత ఈఎఫ్-టీయూది. జీటీపీ అణువుతో జతకట్టి ఇది ఆ పని చేస్తుంది. సంకేతం సరిపోలితే జీటీపీ విచ్ఛిన్నమవుతుంది. ఈఎఫ్-టీయూ టీ-ఆర్ఎన్ఏను అక్కడ విడిచి బయటకు వస్తుంది. ‘ఈఎఫ్-టీఎస్’ అనే మరో ప్రోటీన్ దానిని తిరిగి సిద్ధం చేస్తుంది. సంకేతం సరిపోలని టీ-ఆర్ఎన్ఏ చాలావరకు ఈ దశలోనే వెనుదిరుగుతుంది.

ప్రాచీన బ్యాక్టీరియా నుంచి మైటోకాండ్రియాలు ఉద్భవించినందున బ్యాక్టీరియాలోని ఈఎఫ్-టీయూకు, మానవ మైటోకాండ్రియాలోని ఈఎఫ్-టీయూకు దగ్గరి పోలిక ఉంది. అయితే మానవునిలో దీని జన్యువు కణ కేంద్రకంలో ఉంటుంది. అందువల్ల మైటోకాండ్రియా డీఎన్ఏలో ఏ లోపమూ లేకపోయినా, కేంద్రకంలోని ఈ జన్యువు దెబ్బతింటే ప్రోటీన్ల తయారీ కుంటుపడుతుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపభూయిష్టమైన ప్రతి సంక్రమించిన శిశువులలో తీవ్రమైన మెదడు వ్యాధి, రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరగడం వంటి సమస్యలు తలెత్తుతాయి. ఇటువంటి లోపాన్ని శాస్త్రవేత్తలు 2007లో గుర్తించారు. మార్పు చెందిన ప్రోటీన్ టీ-ఆర్ఎన్ఏను పట్టుకోలేకపోవడమే ఇందుకు కారణమని తేలింది.

క్షయ చికిత్సతో సంబంధం

బ్యాక్టీరియాతో ఉన్న ఈ పోలిక ఔషధాల విషయంలోనూ ముఖ్యమైనది. మందులకు లొంగని క్షయకు వాడే లినెజోలిడ్, ఈఎఫ్-టీయూ తెచ్చిన టీ-ఆర్ఎన్ఏ కుదురుకోవలసిన చోటనే బ్యాక్టీరియా రైబోజోమ్‌కు అతుక్కుని ప్రోటీన్ల తయారీని నిలిపివేస్తుంది. దీర్ఘకాలం వాడినప్పుడు రోగి మైటోకాండ్రియాలలోని రైబోజోమ్‌లపైనా అదే ప్రభావం పడుతుంది. రక్తహీనత, కాళ్లలో తిమ్మిర్లు, చూపు మందగించడం వంటి దుష్ప్రభావాలకు ఇదే ప్రధాన కారణమని భావిస్తున్నారు.

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2024లో ఆమోదించిన ‘బీపాల్-ఎం’ చికిత్సలోని నాలుగు ఔషధాలలో లినెజోలిడ్ ఒకటి. ఈ చికిత్స పొందుతున్నవారు క్రమం తప్పకుండా రక్త పరీక్షలు చేయించుకోవాలి. తిమ్మిర్లు, చూపులో తేడా కనిపిస్తే మందును సొంతంగా మానివేయకుండా వెంటనే వైద్యులకు తెలియజేయాలి. మోతాదును సవరించాలా, మందును నిలిపివేయాలా అన్నది వైద్యులే నిర్ణయిస్తారు.