నరేన్ కార్తికేయన్ రికార్డు: 46 రేసులు, 5 పాయింట్లు

ఫార్ములా వన్‌లో పోటీ చేసిన తొలి భారతీయుడు నరేన్ కార్తికేయన్. కోయంబత్తూరు కుర్రాడు. 2005లో జోర్డాన్ టీమ్‌కి, 2011, 2012లో హెచ్‌ఆర్‌టీ టీమ్‌కి కారు నడిపాడు. మొత్తం 46 రేసులు, 5 పాయింట్లు. "అంతేనా?" అనిపిస్తుంది. సరే, లెక్క విడదీసి చూద్దాం.

ఆ 5 పాయింట్లూ ఒక్క రేసులో వచ్చినవే. 2005 జూన్ 19, అమెరికాలోని ఇండియానాపొలిస్. మిషెలిన్ టైర్లు ఆ ట్రాక్‌పై సేఫ్ కాదని తేలడంతో ఆ టైర్ల మీదున్న 14 కార్లు రేసు మొదలవకముందే తప్పుకున్నాయి. మిగిలినవి 6. నరేన్ నాలుగోవాడు. అప్పుడు ఆ స్థానానికి 5 పాయింట్లు, ఇప్పుడైతే 12.

అదృష్టమా? కొంత అవును. మరి మిగతా 45 రేసుల్లో ఎందుకు రాలేదు? 2005లో మొదటి 8 మందికే పాయింట్లు, 2010 నుంచి 10 మందికి. జోర్డాన్, హెచ్‌ఆర్‌టీ రెండూ చివరి వరుసల టీములే. హెచ్‌ఆర్‌టీ కారుతో 2011, 2012 ఆస్ట్రేలియా రేసులకు నరేన్ క్వాలిఫై కూడా కాలేదు. రూల్ ఏంటంటే, క్వాలిఫయింగ్ మొదటి దశలో ఫాస్ట్ కారు 100 సెకన్లలో ల్యాప్ కొడితే, మిగతావాళ్లు 107 సెకన్లు దాటకూడదు.

అందుకే డ్రైవర్‌ని అదే కారు నడిపే టీమ్‌మేట్‌తో పోల్చాలి. 2011లో మన దేశంలో జరిగిన మొదటి గ్రాండ్‌ప్రీలో నరేన్ 17వ స్థానం, టీమ్‌మేట్ డేనియల్ రికియార్డో 18. ఆ రికియార్డోనే తర్వాత మంచి కార్లలో 8 రేసులు గెలిచాడు. పాయింట్ల పట్టికలో పేరు డ్రైవర్‌దే ఉంటుంది, కానీ లెక్కలో సగం కారుదే.