పిస్తా గింజపై మచ్చలు – దేనికి భయపడాలి?

గల్ఫ్ నుండో అమెరికా నుండో సెలవులకు వచ్చే పిల్లలు పిస్తా పొట్లాలు తెస్తుంటారు. పెంకు మీద నల్లమచ్చలుంటే తినవచ్చునా? దీనికి జవాబు చెప్పాలంటే ముందు ఆ చెట్టు దగ్గరకు వెళ్లాలి.

పిస్తా ఎక్కువగా ఇరాన్, టర్కీ దేశాలలోను, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలోను పండుతుంది. దానికి పొడి వేసవి కావాలి. వానో, మంచో ఎక్కువైతే శిలీంధ్రాలు, అంటే బూజు జాతి సూక్ష్మజీవులు, ఆకులను, కాయలను పట్టుకుంటాయి. సెప్టోరియా అనే శిలీంధ్రం ఆకులపై చిన్న గోధుమరంగు మచ్చలు పెట్టి, వాటిని ముందుగానే రాల్చేస్తుంది. ఆల్టర్నేరియా వేసవి చివరిలో వస్తుంది. కాయ తోలుపై అది వేసిన నల్లమచ్చ లోపలి పెంకుకు కూడా మరకగా దిగుతుంది. 1984లో కాలిఫోర్నియాలో మొదట గుర్తించిన బొట్రియోస్ఫేరియా తెగులు మరీ మొండిది. వాన చినుకులతో చిమ్ముకుంటూ పాకి, కాయల గుత్తులను నల్లగా మాడ్చివేస్తుంది. ఎండుకొమ్మలు కోసివేయడం, పైనుండి చల్లే నీరు ఆకులకు తగలకుండా చూడడం, మందు కొట్టడం – పాపం, రైతుకు ఇదంతా ఖర్చే.

అయితే ఈ మూడు తెగుళ్ల వల్ల ముఖ్యంగా నష్టపోయేది రైతు. మన ఆరోగ్యానికి ముప్పు తెచ్చేది నాలుగవది, ఆస్పర్జిల్లస్ అనే బూజు. ఇది ఆకుపై మచ్చ పెట్టదు, గింజలో చేరుతుంది. పిస్తా పక్వానికి వచ్చినప్పుడు పెంకు దానంతటదే పగులుతుంది. పైతోలు మాత్రం పగలకుండా పప్పును కాపాడుతుంది. కొన్ని కాయలలో పెంకుతో పాటు తోలు కూడా ముందుగానే చీలిపోతుంది. ఆ చీలికలో నుండి పురుగులు, బూజు లోపలికి వెళ్తాయి. అక్కడ ఆ బూజు తయారుచేసే విషమే అఫ్లటాక్సిన్. అలాంటి కాయలకు తరచుగా పెంకు పగులు అంచుల వెంబడి నల్లని మరక ఉంటుంది. కాబట్టి ఆ మరక కనబడితే ఆ గింజ పారవేయడమే మంచిది.

అఫ్లటాక్సిన్ కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి లోనికి పోతే కాలేయ క్యాన్సర్‌కు దారితీయవచ్చు. హెపటైటిస్-బి ఉన్నవారికి ఆ ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ. వారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. ఈ విషం కారణంగానే 1997లో ఐరోపా దేశాలు ఇరాన్ పిస్తాను కొంతకాలం నిలిపివేశాయి. 2012 నుండి కాలిఫోర్నియా పిస్తా తోటలలో ఒక చిత్రమైన ఉపాయం వాడుతున్నారు. విషం తయారుచేయలేని అదే జాతి బూజును తోటలో చల్లితే, అది విషపు బూజు చోటును ఆక్రమిస్తుంది!

పిస్తా ఎప్పుడో ఒకసారి తింటాం. వేరుశనగలు రోజూ తింటాం. ఈ బూజు వాటికీ పడుతుంది. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి ఏరి పారవేయండి. బూజు తుడిచి వేయించుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. వేయించినా ఈ విషం పూర్తిగా పోదు. నోటికి చేదు తగిలితే మింగవద్దు, ఉమ్మివేయండి. మిగిలినవి తడి తగలని డబ్బాలో, గట్టి మూత పెట్టి దాచండి.

ఏరిన గింజలను గేదె కుడితిలో వేయవద్దు. ఆ విషం పాలలోకి దిగి మళ్లీ మన గ్లాసులోకే వస్తుంది.